నల్లా నీళ్ల ఖర్చు ఎవరి జేబులోంచి?

తెల్లవారుజామున లైన్‌మన్ బండి దిగి, వీధి మొగలో ఉన్న ఛాంబర్ మూత పక్కకు జరిపి, పొడవాటి ఇనుప తాళంతో వాల్వు తిప్పుతాడు. ముందు నల్లాల్లో గాలి బుసకొడుతుంది, తర్వాత కాస్త ఎర్రగా నీళ్లు దుముకుతాయి, ఆ పైన తేటపడతాయి. "నీళ్లొచ్చినయ్, మోటరెయ్యి" అని ఇంటింటా ఒకటే కేక. ముప్పావు గంట గడిచాక అతనే మళ్లీ వచ్చి వాల్వు కట్టేసి పక్క వీధికి వెళ్లిపోతాడు. ఉత్తర తెలంగాణ పట్టణాల్లో ఏ కాలనీలోనైనా కనిపించే దృశ్యమే ఇది. ఆ ముప్పావు గంట వెనుక ఎంత ఖర్చుందో మాత్రం నల్లా బిల్లు చూస్తే తెలియదు. మీటర్లు లేనిచోట ఆ చీటీలో ఇంటి నంబరు, పాత బకాయి, కట్టాల్సిన మొత్తం ఉంటాయి గానీ, ఎన్ని లీటర్లు వచ్చాయో ఉండదు.

నీటికి ఛార్జీ ఉండాలా వద్దా అన్న వాదన మన దగ్గర ఎన్నికల కాలంలో వేడెక్కి, ఫలితాలు రాగానే చల్లారిపోతుంది. ఆ వాదనలో పాల్గొనే ఇరుపక్షాలూ ఒక సంగతి దాటవేస్తాయి. బిల్లు మాఫీ చేయవచ్చు గానీ ఖర్చును మాఫీ చేయడం ఎవరి తరమూ కాదు. పంపు తిరిగినంతసేపు కరెంటు మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఆ ఖర్చు తీరడానికి చట్టబద్ధమైన జేబులు మూడే ఉన్నాయి: వాడుకున్నవారి బిల్లు, ఊరంతా కట్టే పన్ను, పై ప్రభుత్వాలిచ్చే గ్రాంటు. ఈ మూడూ చాలనప్పుడు ఖర్చు మాయమైపోదు, కనిపించని జేబుల్లోకి జారుకుంటుంది. ఆ జేబులు ఎవరివన్నదే అసలు విషయం.

నిర్వహణ వ్యయాన్ని పూర్తిగా రాబట్టుకోవాలన్న షరతు మన పట్టణాలకు గట్టిగా వినిపించింది 2005 డిసెంబరులో జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం మొదలైనప్పుడు. పైపులకూ ట్యాంకులకూ కేంద్రం డబ్బిస్తుంది, వాటిని నడిపే ఖర్చు మాత్రం వినియోగ ఛార్జీల నుంచే రావాలని అప్పుడు ఒప్పందం. 2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సేవా ప్రమాణాలను అంకెల్లో పెట్టింది: మనిషికి రోజుకు 135 లీటర్లు, 24 గంటల సరఫరా, ప్రతి కనెక్షన్‌కూ మీటరు, రాబడి లేని నీరు, అంటే పైపులోకి వదిలినా బిల్లు పడనిది, 20 శాతానికి మించకపోవడం, వ్యయంలో నూటికి నూరు పాళ్లు వసూలు, వేసిన బిల్లుల్లో 90 శాతం అదే ఏడాది రాబట్టడం. 74వ రాజ్యాంగ సవరణ తాగునీటిని పన్నెండో షెడ్యూలులో చేర్చి పట్టణ సంస్థల బాధ్యతల జాబితాలోకి తెచ్చింది గనుక, ఈ అంకెలన్నీ చివరికి వచ్చి పడేది మున్సిపాలిటీల నెత్తినే.

ఈ ప్రమాణాల్లో 'వ్యయం' అన్న మాటకు అర్థం ఇరుకైనదని గమనించాలి. కరెంటు, జీతాలు, పటిక, క్లోరిన్, మరమ్మతులు లెక్కలోకి వస్తాయి. అప్పుల మీద వడ్డీ, అసలు వాయిదాలు, కొత్త నిర్మాణాల ఖర్చు రావు. అంటే వందకు వంద తెచ్చుకున్న పట్టణం కూడా తన పైపులు పాతబడితే మార్చుకునే డబ్బు కూడబెట్టుకున్నట్టు కాదు. ఏడాది గడుపుకొచ్చిందని మాత్రమే దాని అర్థం.

ఖర్చుల్లో ఎక్కువ తికమక పెట్టేది కరెంటు. వరంగల్ సంగతే చూద్దాం. నగరానికి నీళ్లు నిలవ ఉండేది ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల్లో. అక్కడి దాకా నీళ్లు రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి, శ్రీరాంసాగర్ నుంచి లోయర్ మానేరు మీదుగా వచ్చే కాకతీయ కాలువ; ఆ నీళ్లు వాలు మీద వాటంతట అవే నడిచి వస్తాయి. రెండోది దేవాదుల ఎత్తిపోతల. గంగారం దగ్గర సముద్రమట్టానికి 71 మీటర్ల ఎత్తున పారే గోదావరిని తోడి, భీంఘన్‌పూర్, పులుకుర్తి దాటించి ధర్మసాగర్‌లో పోయాలి. నగరం ఆ నది మట్టం కన్నా సుమారు 200 మీటర్లు ఎత్తున ఉంది.

ఆ ఎత్తు ఖరీదెంతో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. ఒక యూనిట్ కరెంటుకు, ఏ నష్టమూ లేకపోతే, వెయ్యి లీటర్ల నీటిని 367 మీటర్లు పైకి లేపే శక్తి ఉంటుంది. పంపు, మోటరు, పైపు రాపిడి తినేది పోగా అందులో 60 శాతం దక్కినా మంచిదే, అంటే యూనిట్‌కు 220 మీటర్లు. కాబట్టి దేవాదుల దారిన వచ్చిన ప్రతి వెయ్యి లీటర్లూ నగరం గడప తొక్కేసరికి అటూ ఇటూగా ఒక యూనిట్ తిని ఉంటాయి. అయిదుగురున్న ఇంటికి రోజుకు మనిషికి 135 లీటర్ల చొప్పున నెలకు ఇరవై వేల లీటర్ల పైచిలుకు కావాలి. అంటే ఆ ఇంటి వాటాకు ఇరవై యూనిట్లు, చిన్న ఫ్రిజ్ నెలంతా నడిచేంత కరెంటు. ఇది శుద్ధి చేయని పచ్చి నీటిని చెరువులో పోయడానికి అయ్యే లెక్క మాత్రమే. అక్కడి నుంచి నీటిని శుద్ధి చేసే ఫిల్టర్ బెడ్‌కు, ఫిల్టర్ బెడ్ నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు మళ్లీ తోడాలి.

ఒకే నల్లాలో, ఒకే బిల్లు మీద, ఒక నెల కాలువ నీళ్లు, మరో నెల ఎత్తిపోతల నీళ్లు వస్తాయి. వాటి ఖరీదుకు నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. అయినా ఆ తేడా నగరం పద్దులో కనిపించదు, ఎందుకంటే దేవాదుల పంపుల కరెంటు నీటిపారుదల పద్దు కింద పోతుంది. ఏ నగరమైనా 'మా నిర్వహణ వ్యయం ఇంత' అని చెప్పినప్పుడు, ఆ లెక్క నది దగ్గర మొదలైందా, చెరువు దగ్గరా, ఫిల్టర్ బెడ్ దగ్గరా అని అడగకుండా ఒకదానితో మరొకదాన్ని పోల్చడం దండగ. వాలు మీద నీళ్లొచ్చే ఊరు, ఎత్తిపోసుకునే ఊరి కన్నా సమర్థంగా ఉన్నట్టు కనిపిస్తుంది. అందులో ఆ ఊరి గొప్ప ఏమీ ఉండకపోవచ్చు.

జీతాలు, రసాయనాల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. వానాకాలంలో బురద నీటికి పటిక ఎక్కువ పడుతుంది, ఎండాకాలంలో ట్యాంకర్లకు డీజిల్ ఎక్కువవుతుంది. మరమ్మతుల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే నిష్పత్తులు మనల్ని బురిడీ కొట్టించేది అక్కడే. రాబడిని ఖర్చుతో భాగిస్తే వచ్చేది వ్యయ రాబడి శాతం. రాబడి పెరిగినా అది పెరుగుతుంది, ఖర్చు తగ్గినా పెరుగుతుంది. పంపులో నీటిని తోసే చక్రం, ఇంపెల్లర్, అరిగిపోయినా మార్చకుండా, కారుతున్న వాల్వుకు గుడ్డ చుట్టి ఏడాది వెళ్లదీసిన పట్టణానికి ఖర్చు తక్కువ చూపిస్తుంది, శాతం చక్కగా కనిపిస్తుంది. వాయిదా వేసిన ఆ మరమ్మతులన్నీ పదిహేనేళ్లకు కలిసికట్టుగా వచ్చి 'కొత్త పథకం' పేరుతో శంకుస్థాపన చేయించుకుంటాయి. కొత్త పైపుకు గ్రాంటు దొరుకుతుంది, పాత పైపుకు అతుకు వేయడానికి దొరకదు. అలాంటప్పుడు పాడుబడనివ్వడమే లాభసాటి అని ఎవరూ పైకి అనకపోయినా పద్దులు ఆ మాటే చెబుతుంటాయి.

ఈ గడ్డ మీద చెరువు కట్టించడం సప్త సంతానాల్లో, అంటే బిడ్డలతో సమానంగా ఎంచే ఏడు పుణ్యకార్యాల్లో, ఒకటి. కట్టించినవారి పేరు శాసనంలో నిలిచేది. అయితే కాకతీయుల కాలంలో కట్టను కాచే ఏర్పాటు కూడా ఉండేది: చెరువు తవ్వించి బాగోగులు చూసుకునేవారికి ఆ పనికి ప్రతిఫలంగా దశబంధం అనే మాన్యం భూమి దక్కేది. తూము తెరిచి పొలాలకు నీళ్లు పంచిన నీరటికి రైతులు కల్లంలో గింజలు కొలిచి ఇచ్చే ఆనవాయితీ నిన్నమొన్నటి దాకా పల్లెల్లో ఉంది. కల్లంలో నీరటి వాటా కొలిచాకే రైతు గింజలు ఇంటికి చేరేవి. నిర్వహణ వ్యయాన్ని వాడకందారు నుంచి రాబట్టడం విదేశీ బ్యాంకులు నేర్పిన విద్య అనుకునేవారు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి. పంట పండని ఏడు నీరటి వాటా కూడా తగ్గేదన్నది దీనికి రెండో వైపు. ఇవాళ్టి నల్లా బిల్లుకు ఆ గుణం లేదు. నీళ్లొచ్చినా రాకపోయినా బిల్లు ఒకటే.

ఇక రాబడి వైపు వద్దాం. ఫిల్టర్ బెడ్ నుంచి బయలుదేరిన నీటికీ, బిల్లు పడిన నీటికీ మధ్య ఉన్న తేడాను 'రాబడి లేని నీరు' అంటారు. భూమిలో కారిపోయేది, దొంగ కనెక్షన్ల పాలయ్యేది, మీటరు తక్కువ చూపించేది, వీధి నల్లాల్లో ఉచితంగా ఇచ్చేది, అన్నీ అందులోవే. లెక్క సులువు కోసం వెయ్యి లీటర్లను శుద్ధి చేసి పైపులోకి వదలడానికి 10 రూపాయలు అవుతుందనుకుందాం. దారిలో 40 శాతం పోతే బిల్లు వేయగలిగేది 600 లీటర్లకే. అప్పుడు బిల్లు పడిన ప్రతి వెయ్యి లీటర్ల మీదా దాదాపు 17 రూపాయలు మోపాలి. వేసిన బిల్లుల్లో 80 శాతమే వసూలైతే ఆ భారం దాదాపు 21 రూపాయలవుతుంది. పది రూపాయల నీటికి, బుద్ధిగా కట్టేవాడు ఇరవై ఒకటి కట్టాలన్నమాట. అదే ఊళ్లో నష్టం 20 శాతానికి, వసూళ్లు 90 శాతానికి వస్తే 14 రూపాయలతో సరిపోతుంది. ఛార్జీల పట్టికలో ఒక్క అంకె మార్చకుండానే మూడో వంతు భారం దిగిపోతుంది. అందుకే, నష్టం తగ్గించకుండా ఛార్జీ పెంచుతామని ముందుకొచ్చే ఏ ప్రతిపాదననైనా నేను అనుమానంగానే చూస్తాను. కారే కుండకు పెద్ద చెంబుతో నీళ్లు పోయడం లాంటిది అది.

మరి 40 శాతమే పోతోందని ఎలా తెలుస్తుంది? మీటర్లు లేని ఊళ్లో తెలియదు. ఫిల్టర్ బెడ్ దగ్గర మొత్తం నీటిని కొలిచే బల్క్ మీటరు కూడా పనిచేయకపోతే పైపులోకి ఎంత వెళ్లిందో కూడా పంపు నడిచిన గంటలను బట్టి వేసిన అంచనాయే. అటు అంచనా, ఇటు అంచనా, మధ్యలో దశాంశ స్థానాలతో శాతం!

మీటరు పెడితే సరిపోతుందా అంటే, అక్కడా చిక్కు ఉంది. రోజుకో గంట సరఫరా ఉండేచోట, వాల్వు విప్పగానే పైపులో చిక్కుకున్న గాలి ముందు తోసుకొస్తుంది. ఆ గాలికి కూడా మీటరు ముల్లు తిరుగుతుంది. 'గాలికి బిల్లేస్తున్నరు' అని జనం అనేది ఊరికే కాదు. ఆగిన పైపులో పేరుకున్న మట్టి, తుప్పు మీటరును త్వరగా పాడుచేస్తాయి. నల్లాకు నేరుగా బిగించిన మోటర్లు పైపులోని ఒత్తిడిని లాగేస్తే, చుట్టూ ఉన్న మురుగు పగుళ్లలోంచి లోపలికి చేరుతుంది. కాబట్టి మీటరు, నిరంతర సరఫరా జోడెద్దుల లాంటివి. కరీంనగర్‌లో హౌసింగ్ బోర్డు కాలనీ ప్రాంతంలో 2025 జనవరిలో 24 గంటల సరఫరా మొదలుపెట్టినప్పుడు ఊరంతా ఒకేసారి కాక ఒక జోన్‌తో ఆరంభించడం ఈ కారణంగానే సరైన దారి అనిపిస్తుంది. చిన్న జోన్‌లోనైతే లోపలికి వెళ్లింది ఎంతో, బిల్లు పడింది ఎంతో పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

మీటరు లేనిచోట మిగిలేది గంపగుత్త బిల్లు: రెండు బిందెలు పట్టుకునే ఇంటికీ, కారు కడిగి మొక్కలు తడిపే ఇంటికీ ఒకటే. పైగా ఏళ్ల తరబడి మారని అంకె. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే వంద రూపాయల బిల్లు అసలు విలువ పదేళ్లలో 56 రూపాయలకు దిగుతుంది. ఏ పాలకవర్గమూ తీర్మానం చేయకుండానే సగానికి దగ్గరగా మాఫీ జరిగిపోతుంది, దాని పుణ్యం కూడా ఎవరి ఖాతాలోనూ పడదు.

ఇప్పుడు కనిపించని జేబుల సంగతి. మా వీధిలో ఇరవై లీటర్ల క్యాన్ ఇంటికి తెచ్చి వేస్తే 15 రూపాయలు. వెయ్యి లీటర్లకు 750 అన్నమాట. రెండు రోజులకొక క్యాన్ పట్టే ఇల్లు నెలకు 225 రూపాయలు పెట్టి కొనేది 300 లీటర్లే. సంపు తవ్వించిన ఖర్చు, మేడ మీద ట్యాంకు, మోటరు రీవైండింగ్, రోజూ అరగంట దాని కరెంటు, ఎండాకాలం ట్యాంకరు, ఇవన్నీ నీటి ఖర్చులే. మున్సిపల్ పద్దులోకి రావు గనుక మనం వాటిని నీటి ఛార్జీలని పిలవం. సంపుకూ మోటరుకూ స్తోమత లేని ఇంట్లో ఆ ఖర్చు ఒక మనిషి సమయం రూపంలో తీరుతుంది. నల్లా ఎప్పుడొస్తుందోనని ఆమె కూలికి ఆలస్యంగా వెళ్తుంది. ఛార్జీ తక్కువగా ఉండడం పేదలకు మేలు అన్న మాట నీళ్లు నికరంగా వచ్చేచోటే నిజం. రానిచోట తక్కువ ఛార్జీ లాభం ఎక్కువగా దక్కేది పెద్ద సంపు ఉన్నవారికే.

అలాగని పేదలకు సాయం అక్కర్లేదని కాదు, సాయం ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. కొత్త కనెక్షన్‌కు ఒక్కసారి కట్టాల్సిన డిపాజిటు, రోడ్డు తవ్వకం ఖర్చు, ప్లంబరు కూలి, ఇవే పేద ఇంటిని నల్లాకు దూరంగా ఉంచే అసలు అడ్డుగోడ. నెలవారీ బిల్లు అంత అడ్డు కాదు. అందుకే తెలంగాణ పట్టణాల్లో పేద కుటుంబాలకు ఒక్క రూపాయికే నల్లా కనెక్షన్ ఇవ్వడం నా దృష్టిలో తెలివైన రాయితీ. 2021 జనవరిలో హైదరాబాద్‌లో మొదలైన నెలకు ఇరవై వేల లీటర్ల ఉచిత నీటి పథకం వేరే రకం. అది పైన లెక్క కట్టిన అయిదుగురి ఇంటి అవసరం దాదాపు మొత్తాన్నీ కప్పేస్తుంది; అంటే పేద ఇంటితో పాటు మధ్యతరగతిలో చాలా ఇళ్లకు బిల్లే ఉండదు. దక్షిణాఫ్రికా ఉచితంగా ఇచ్చే కనీస నీరు ఇంటికి నెలకు ఆరు వేల లీటర్లు. రెండు పథకాలూ ఉచితమనే పేరు పెట్టుకున్నా, ఒకటి ప్రాణావసరానికి గీత గీసింది, మరొకటి సౌకర్యానికి గీసింది. హైదరాబాద్ పథకంలో మెచ్చుకోవాల్సింది ఒకటుంది, బస్తీల్లో తప్ప మిగతాచోట్ల ఉచితం కావాలంటే మీటరు ఉండాలన్న షరతు. ఇచ్చేది ఉచితంగానైనా కొలిచి ఇస్తే, గ్రాంటుగా ఎంత కావాలో ప్రభుత్వాన్ని లెక్క చూపి అడగవచ్చు.

వాడకం పెరిగే కొద్దీ రేటు పెరిగే శ్లాబు పద్ధతిని చాలామంది న్యాయమైనదని అనుకుంటారు. కొంతవరకే. ఒకే నల్లా మీద నాలుగు పోర్షన్ల కిరాయి ఇళ్లు బతికేచోట, నాలుగు కుటుంబాల వాడకం కలిసి పై శ్లాబులో పడుతుంది; విడిగా బంగళాలో ఉన్న ఒక్క కుటుంబం కింది శ్లాబులో హాయిగా ఉంటుంది. పక్కన వ్యాపార కనెక్షన్ల మీద ఎక్కువ రేటు వేసి ఇళ్లకు తగ్గించే పద్ధతికీ ఒక హద్దు ఉంది. రేటు మరీ పెంచితే హోటలువాళ్లు, ఆసుపత్రులవాళ్లు బోరు వేసుకుని మున్సిపల్ నీళ్లకు నమస్కారం పెడతారు.

పన్ను, గ్రాంటుల జేబుల్లో కూడా ఎంత ఉందో చూడాలి. ఇంటి పన్నులోనే నీటికీ, మురుగుకూ, వీధి దీపాలకూ వాటాలుండే పద్ధతి మన మున్సిపల్ చట్టాల్లో పాతదే. అయితే వసూలైనదంతా ఒకే సంచిలో పడ్డాక నీటి వాటా నీటికే ఖర్చయిందో లేదో చెప్పడం కష్టం. 2011 లెక్కల్లో పది లక్షల జనాభా దాటని వరంగల్ లాంటి నగరాలకు 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంటులో 60 శాతానికి షరతులున్నాయి. అందులో సగం తాగునీరు, వాననీటి నిల్వ, నీటి పునర్వినియోగానికి, సగం పారిశుద్ధ్యానికి. అది సాయమే గానీ, కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది, గ్రాంటు విడతలుగా వస్తుంది. మధ్యలో పట్టణాలు కట్టలేని బాకీ విద్యుత్ పంపిణీ సంస్థ పద్దుల్లోకి చేరి, అక్కడి నుంచి మళ్లీ అందరి కరెంటు రేట్ల మీదికి ఎక్కుతుంది. నల్లా బిల్లుగా కట్టనిది కరెంటు బిల్లుగా కట్టడమంటే ఇదే.

ఈ చిక్కుముడి విప్పుకున్న ఊళ్లు లేకపోలేదు. కంబోడియా రాజధాని నాంఫెన్‌లో 1993లో రాబడి లేని నీరు 72 శాతం, సరఫరా రోజుకు పది గంటలు. ముందు ప్రతి కనెక్షన్‌కూ మీటరు పెట్టారు, లీకులు వెతికి కట్టేశారు, ప్రభుత్వ కార్యాలయాల చేత కూడా బిల్లు కట్టించారు. సరఫరా 24 గంటలయ్యే దారిలో పడ్డాకే ఛార్జీలు పెంచారు. మూడు విడతల్లో పెంచాలనుకున్నారు గానీ, నష్టం తగ్గి వసూళ్లు పెరగడంతో మూడో విడత అవసరమే రాలేదు. మన దేశంలో 2021 జూలై నుంచి నల్లా నీళ్లు నేరుగా తాగగలిగే సరఫరా 24 గంటలూ అందిస్తున్న పూరీలో, ఒడిశాలోని ఇతర పట్టణాల్లో, స్వయం సహాయక సంఘాల మహిళలు 'జలసాథి' పేరుతో ఇంటింటికీ తిరిగి నీటి నాణ్యత పరీక్షించి చూపిస్తారు, బిల్లు ఇస్తారు, డబ్బు తీసుకుంటారు, అందులో వారికి ప్రోత్సాహకం ఉంటుంది. నీళ్లు బాగున్నాయని కళ్లముందు చూపించిన మనిషే బిల్లు చేతిలో పెట్టడంలోని మర్మం గొప్పది. మహిళా సంఘాలకు పేరున్న వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో ఈ పని చేయగలవారికి కొదవ లేదు.

నల్లా నీళ్లలో ఎనభై శాతం దాకా మురుగై తిరిగి వస్తాయన్న లెక్క ప్రకారం చూస్తే, ఇంతసేపూ మాట్లాడుకున్నది సగం ఖర్చు గురించే. ఆ మురుగును శుద్ధి చేయకుండా వదిలితే వాగుల్లో, కుంటల్లో చేరి పక్కనున్న బోర్లను పాడుచేస్తుంది. అప్పుడు క్యాన్ నీళ్ల బేరం ఇంకాస్త పెరుగుతుంది. భద్రకాళి చెరువులో పూడిక తీయడానికి 2024 చివర్లో నీళ్లన్నీ ఖాళీ చేయించినప్పుడు, అన్నేళ్లుగా అడుగున చేరింది ఏమిటో ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. వాయిదా పడిన ఖర్చు అలా కంటికి కనిపించడం అరుదు. భూమిలో ఉన్న పైపులకు ఆ వీలు లేదు.

ఈ ఉదయం లైన్‌మన్ వాల్వు విప్పాక ఛాంబర్ పక్కన కూర్చుని చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకుంటుంటే అడిగాను. ఏ వీధికి ఎన్నింటికి విప్పింది, ఎన్నింటికి కట్టింది, ప్రెషర్ ఎలా ఉంది అని తన లెక్క తాను రాసుకుంటాడట. "మీరెవరన్న ఫోన్ జేసి మాకు నీళ్లు రాలేదంటే చూసి చెప్పనీకి" అన్నాడు. మా వీధికి ఎంత నీరు వచ్చిందో కాస్తయినా చెప్పగల కాగితం ఊరు మొత్తానికి బహుశా అదొక్కటే. నల్లా బిల్లు తయారుచేసేవారికి ఆ నోటుబుక్కు సంగతి తెలియదు.